బస్సు ఎందుకు?

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున మా వాట్సాప్ గ్రూపులో ఒక చందా లింకు పెట్టాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ల గ్రూపు అది. నూట ఎనభై మందిమి ఉంటాం. ఇడ్లీరవ్వ ఏ కొట్లో వచ్చింది, హైదరాబాద్ వెళ్లేవాళ్ల సూట్‌కేసులో రెండు కిలోల చోటుందా, ఏ బ్యాంకు వడ్డీ తగ్గించింది, ఇవే నడుస్తుంటాయి. నేను పెట్టిన లింకు మాత్రం ఒక ఆదివాసీ గాయని అంత్యక్రియల కోసం ఆవిడ మేనకోడలు మొదలుపెట్టిన చందాది.

ఆవిడ పేరు రాయను. పోయినవాళ్ల పేరు కొంతకాలం పలకకూడదన్నది ఇక్కడి ఆదివాసీల్లో చాలా కుటుంబాల పద్ధతి. వీళ్లూ అదే కోరారు. గ్రూపులో కూడా 'ఆంటీ' అనే రాశాను. ఇక్కడి ఆదివాసీలు తమ పెద్దల్ని అంకుల్, ఆంటీ అంటారు. లిఫ్టులో ఎదురైన ప్రతి పెద్దావిడనీ మనం అనేసే ఆంటీ కాదిది. వయసుతో పాటు మర్యాద కూడా సంపాదించుకున్నవాళ్లకి దక్కే పిలుపు.

పెద్ద స్టారేమీ కాదావిడ. క్లబ్బుల్లో, సంతల్లో, జైళ్లలో, బళ్లలో నలభై ఏళ్లు గిటార్ పట్టుకుని కంట్రీ పాటలు పాడింది. ఏటా జరిగే ఆదివాసీ సంస్కృతి ఉత్సవం, నైడాక్ వారం పేరుతో జూన్‌లోనో జులైలోనో మా అమ్మాయి బడికి వచ్చేది. మా అమ్మాయి పేరులో 'ళ' ఉంది. టీచర్లు ముగ్గురూ 'ల'తో సరిపెట్టేశారు, ఆఖరికి పిల్ల కూడా 'ల' అనే చెప్పడం మొదలెట్టింది. ఆంటీ మాత్రం ఇంట్లో ఎలా పిలుస్తారో చెప్పమని అడిగి, ఒక్కసారి విని, నాలుక మడిచి 'ళ' పలికేసింది. ఆ శబ్దం తన అమ్మమ్మ భాషలోనూ ఉందట. ఆస్ట్రేలియా ఆదివాసీ భాషల్లో చాలావాటిలో మన ట, ణ, ళ లాంటి శబ్దాలుంటాయని నాకు తర్వాత తెలిసింది. ఈ దేశంలో మా అమ్మాయి పేరు సరిగ్గా పిలిచిన మొదటి బయటి మనిషి ఆవిడే.

చందా పేజీలో పద్దెనిమిది వేల డాలర్లు కావాలని రాసి, దేనికెంతో కింద పెట్టారు. శవపేటిక, స్మశానంలో చోటు, ఉత్తరాన్నుంచి చుట్టాల్ని తీసుకొచ్చే బస్సు, రెండు రాత్రులు మోటెల్, మూడు రోజుల భోజనాలు, ఏడాది తిరిగాక పెట్టే రాయి.

గ్రూపులో మొదటి జవాబు పది నిమిషాల్లో వచ్చింది. "అన్నా, వీళ్లకి గవర్నమెంట్ అన్నీ ఇస్తుంది కదా?" రెండోది ఇంకా సూటిగా ఉంది. "పెట్టె, స్థలం ఓకే. బస్సు ఎందుకు బ్రో? లైవ్ పెడితే అయిపోయేదిగా."

ఆ రెండో మాట చూసి నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే లింకు పంచడానికి ముందు నేను కూడా ఆ బస్సు దగ్గరే ఆగాను. వంద డాలర్లు అని కొట్టి, వెనక్కొచ్చి, యాభై చేసి పంపాను. ఆ వెనక్కొచ్చిన వేలు గురించే ఈ పోస్టు.

అంతకు ఎనిమిది నెలల ముందు ఇదే గ్రూపు, మాలాంటి ఇంకో పాతిక గ్రూపులు కలిసి, రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక తెలుగు కుర్రాణ్ణి ఇంటికి పంపడానికి ఒక్క రాత్రిలో చందా పోగేశాయి. ఇక్కడ ఉంటున్నవాళ్లకి ఈ కథ కొత్త కాదు, ఏడాదికి రెండు మూడుసార్లు అనుభవమే. అనుకున్నదానికి రెట్టింపు వచ్చింది. శవాన్ని పంపగా మిగిలింది తల్లిదండ్రులకిచ్చారు. 'విజయవాడ దాకా ఎందుకు, ఇక్కడే దహనం చేసి బూడిద పంపితే చవక కదా' అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అననివ్వం కూడా. అమ్మ చూడాలి, ఊళ్లో జరగాలి, అంతే.

ఆంటీ బస్సు దగ్గరకొచ్చేసరికి మాత్రం మాలో ఆడిటర్ లేచాడు.

టికెట్టు కొన్నవాళ్లు

ఆదివాసీ కళాకారుల చావుకి డబ్బెవరు పెట్టాలి అన్న ప్రశ్న ఇప్పటిది కాదు. నన్ను చాలా రోజులు వదలని కథ ఒకటి ఉంది.

1883లో ఆర్.ఎ. కన్నింగ్‌హామ్ అనే ఏజెంటు ఉత్తర క్వీన్స్‌లాండ్ నుంచి తొమ్మిదిమంది ఆదివాసీల్ని బార్నమ్ సర్కస్ కోసం అమెరికా తీసుకెళ్లాడు. ఇష్టపడి వెళ్లారా, ఎత్తుకెళ్లారా అన్నదానికి జవాబు ఆ తర్వాత జరిగినదాన్ని బట్టి మీరే ఊహించుకోవచ్చు. నరమాంసం తినేవాళ్లని పోస్టర్లేసి, బూమరాంగులు విసిరించి, జనానికి చూపించారు. వాళ్లలో పామ్ ఐలండ్ వైపు కుర్రాడొకడికి టాంబో అని పేరు పెట్టారు. 1884 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో న్యుమోనియాతో పోయాడు.

తోటివాళ్లని వాళ్ల పద్ధతిలో సాగనంపనివ్వలేదు. శవానికి మందులు పట్టించి అదే ఊళ్లో డైమ్ మ్యూజియంలో నిలబెట్టారు. డైమ్ అంటే పది సెంట్లు. బతికుండగా టికెట్టు కొని చూసిన జనం చచ్చాక కూడా టికెట్టు కొని చూశారు. మిగతావాళ్లని కన్నింగ్‌హామ్ యూరప్ తిప్పాడు. వాళ్లలోనూ ఎక్కువమంది ఆ ప్రయాణంలోనే ఒక్కొక్కరుగా రాలిపోయారు.

1993లో క్లీవ్‌లాండ్‌లో ఒక ఫ్యూనరల్ హోమ్‌లో టాంబో శవం బయటపడింది. పామ్ ఐలండ్ నుంచి అతని వాళ్లు వెళ్లి తెచ్చుకున్నారు. 1994లో మట్టి చేశారు. నూటపదేళ్లు. ఆ నూటపదేళ్లలో అతన్ని చూడ్డానికి డబ్బు దొరికింది, దాచడానికి దొరికింది, పూడ్చడానికే ఎవరి జేబులోంచీ రాలేదు.

పాత దుర్మార్గం కదా, ఇప్పటి చందాకీ దానికీ ఏం సంబంధం అనొచ్చు. నాకు కనపడే సంబంధం ఒకటే. ప్రేక్షకుడు తన బాకీ టికెట్టుతో తీరిపోయిందనుకుంటాడు. ఆంటీ మా బడికొచ్చినప్పుడు బడివాళ్లు ఆవిడకి ఎంతిచ్చారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ ఏడాది పేరెంట్స్ కమిటీలో నేనే ఉన్నాను. రెండు గంటలకి రెండొందల యాభై డాలర్లు, పెట్రోలు ఆవిడదే. రానూ పోనూ ఆరు గంటల డ్రైవ్. మేము 'మంచి రేటుకే కుదిరింది' అనుకున్నాం. ఆ పెట్రోలు లెక్క అప్పుడు అడగని నేను బస్సు లెక్క ఇప్పుడు అడుగుతున్నాను.

సన్మానం వేరు, సాగనంపడం వేరు

గ్రూపులో చర్చ ముదిరాక ఒకాయన మంచి మనసుతోనే ఒక ప్రతిపాదన పెట్టాడు. ఆవిడ పేరున ఒక సాయంత్రం పెడదాం, పిల్లల చేత పాటలు పాడిద్దాం, బడిలో ఒక బెంచీ వేయించి రేకు మీద పేరు చెక్కిద్దాం, దానికైతే తను ఐదొందలిస్తానన్నాడు. వెంటనే పదిహేను లైకులు పడ్డాయి. ఫ్లెక్సీ డిజైన్ చేస్తానని ఒకరు, సమోసాలు నావి అని ఒకరు.

బస్సుకి యాభై, బెంచీకి ఐదొందలు. మన శాలువాల సంస్కృతిని తిట్టాలని లేదు, కానీ ఇక్కడ తిట్టకుండా ఉండటం కష్టం. శాలువా కప్పితే ఫోటోలో కప్పినవాళ్లు కూడా ఉంటారు. మోటెల్ గది బిల్లులో ఎవరూ ఉండరు.

ప్రభుత్వాలూ ఇంతే అని రాయబోయి ఆగాను, ఎందుకంటే అది పూర్తి నిజం కాదు. ఆదివాసీ నటుడు అంకుల్ జాక్ చార్ల్స్ సంగతి తీసుకోండి (కుటుంబం పేరు వాడొచ్చని అనుమతించింది). ప్రభుత్వాలు ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాగేసుకుపోయిన తరం ఆయనది, ఆయన్ని పసిగుడ్డుగానే తీసుకుపోయారు. 1971లో బాబ్ మాజాతో కలిసి నిందెతన అనే నాటక సంస్థ పెట్టాడు. ఈ దేశంలో ఆదివాసీల చేతిలో నడిచిన నాటకశాల అదే మొదటిది. దొంగతనాలు చేసి చాలాసార్లు జైలుకెళ్లాడు. మా పూర్వీకుల నేల మీద కట్టుకున్న ఇళ్ల నుంచి అద్దె వసూలు చేసుకున్నాను అని నవ్వేవాడు. తర్వాత అవే జైళ్లకి కుర్రాళ్లతో మాట్లాడటానికి వెళ్లేవాడు. 2022 సెప్టెంబరు 13న పోయాడు. అక్టోబరు 18న మెల్‌బోర్న్ హామర్ హాల్‌లో విక్టోరియా ప్రభుత్వం అధికార లాంఛనాలతో వీడ్కోలు చేసింది. రాష్ట్రంలోని జైళ్లలో కూడా దాన్ని ప్రత్యక్షంగా చూపించారు. ఒకప్పుడు తను ఖైదీగా ఉన్న చోట్లకి తన శవయాత్రే చేరింది. దాన్ని ఉత్తుత్తి సన్మానం అనగలనా? అనలేను. అదే ఏడాది డిసెంబరులో ఆదివాసీ గాయకుడు ఆర్చీ రోచ్ కోసం సిడ్నీ మయర్ మ్యూజిక్ బౌల్‌లో జరిగిన ప్రభుత్వ సంస్మరణ సభ కూడా అంతే, ఊరు ఊరంతా పచ్చిక మీద కూర్చుని పాటలు విన్నది.

అయితే ఆ రెండూ నగరంలో జరిగినవి, ఒక పూటలో అయిపోయినవి. మనిషిని మట్టిలో పెట్టే పని ఇంకోటి. అది ఎంత దూరం పోతుందో తెలియాలంటే డేవిడ్ గుల్పిలిల్ ప్రయాణం చూడాలి.

ఆయన్ని మీరు ఏదో ఒక సినిమాలో చూసే ఉంటారు. ఉత్తరాన ఆర్నెం లాండ్ ప్రాంతపు ఆదివాసీ, యొల్ఙు జాతి మనిషి. టీనేజీలో ఉండగా దొరికిన వేషం 1971లో తెరకెక్కింది, అక్కణ్ణుంచి యాభై ఏళ్లు ఆస్ట్రేలియా సినిమాకి ముఖమయ్యాడు. 2014లో కాన్ ఉత్సవంలో 'అన్ సర్టెన్ రిగార్డ్' విభాగంలో ఉత్తమ నటుడు. రాణిని కలిసొచ్చిన మనిషే ఒక దశలో డార్విన్‌లో ఇల్లూ వాకిలీ లేకుండా పొడుగు గడ్డిలో పడుకునేవాళ్లతో కలిసి బతికాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చాక దక్షిణాన మర్రే బ్రిడ్జ్‌లో వైద్యానికి దగ్గరగా ఉండిపోయాడు. 2021 నవంబరు 29న అక్కడే పోయాడు. మొదటి కొన్ని రోజులు పత్రికలు 'డేవిడ్ డలైత్ఙు' అని మాత్రమే రాశాయి, కుటుంబం కోరిక మేరకు.

ఆయన అడిగింది ఒక్కటే, తనని గుపులుల్‌లో పెట్టమని. ఆర్నెం లాండ్‌లో రామింగినింగ్ అనే ఊరు దాటాక ఆయన సొంత నేల అది. మర్రే బ్రిడ్జ్ నుంచి అక్కడికి నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. డిసెంబరు వచ్చేసరికి అక్కడ వానలు మొదలవుతాయి, దారులు తెగిపోతాయి, నెలల తరబడి రోడ్డు అనేదే ఉండదు. అసలు మట్టి చేయడం 2022లోకి వెళ్లింది. ఆ ప్రయాణం మీద 2025లో ఒక డాక్యుమెంటరీయే వచ్చింది. విమానాలు కావాలి. పాట తెలిసినవాళ్లు, ఆట తెలిసినవాళ్లు, ఏ వంతు ఎవరిదో ఆ వరసవాళ్లు రావాలి. వాళ్లందరూ అన్ని రోజులు తినాలి. ఎవరో ఒకరు వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్లే కార్యక్రమం కాదిది. ఫలానా వరసవాళ్లు లేకపోతే తంతు ముందుకి నడవదు.

ఇది తెలుసుకున్నాకే నాకు ఆంటీ చందా పేజీ వేరేగా కనపడింది. బస్సు అనేది అంత్యక్రియలకి వచ్చేవాళ్ల సౌకర్యం అనుకున్నాను. కాదు, అంత్యక్రియలే ఆ బస్సులో వస్తున్నాయి.

"ముందే దాచుకోవాలి కదా"

ఇది చాలామంది పైకి అనకుండా లోపల అనుకునే మాట, గ్రూపులో ఒకరు అననే అన్నారు. "ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు కదండీ, నెలకి ఎంతవుతుంది?"

తీసుకున్నారండీ. అదే పెద్ద విషాదం. 1992లో 'అబోరిజినల్ కమ్యూనిటీ బెనిఫిట్ ఫండ్' అని ఒక కంపెనీ మొదలైంది. పేరు చూస్తే ఆదివాసీల సంస్థ అనిపిస్తుంది, లోగో కూడా అలాగే ఉండేది. యజమాని ఆదివాసీ కాదు. ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి అంత్యక్రియల పాలసీలు అమ్మారు, పసిపిల్లల పేరున కూడా. ప్రీమియం చాలామందికి ప్రభుత్వ భత్యంలోంచే నేరుగా తెగేది. అలా తెగుతుంటే ప్రభుత్వానిదే అనుకున్నవాళ్లున్నారు. 2018లో బ్యాంకుల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్ ముందు ఈ బాగోతం బయటికొచ్చింది. కంపెనీ అప్పటికే 'యూప్లా' అని పేరు మార్చుకునే దారిలో ఉంది. 2022 మార్చిలో కుప్పకూలింది. పది వేలమందికి పైగా పాలసీదారులు, ఇరవై ముప్పై ఏళ్లుగా కడుతున్న ముసలివాళ్లతో సహా, ఒక్కసారిగా చేతులు ఖాళీ చేసుకుని నిలబడ్డారు. పాలసీ ఉంది కదా అన్న ధీమాతో ఉన్న కుటుంబాలు శవాన్ని మార్చురీలో ఉంచి అప్పు కోసం తిరిగాయి. నెలల తరబడి ఆందోళనలు చేశాక కేంద్ర ప్రభుత్వం పరిహారం పథకం పెట్టింది. కట్టినదాంట్లో కొంత వెనక్కి వచ్చే ఏర్పాటు అది, మొత్తం కాదు.

కాబట్టి ఆదివాసీ కుటుంబం చందా పేజీ తెరిచిందంటే ముందుచూపు లేకనే అనుకోకండి. ముందుచూపుని ఒకడు దోచుకెళ్లి ఉండొచ్చు.

కళాకారుల సంపాదన గురించి కూడా ఒక మాట. 1955లో వచ్చిన ఈ దేశపు మొదటి రంగుల కథాచిత్రంలో హీరో వేషం వేసినవాడు రాబర్ట్ టుడావలి అనే ఆదివాసీ. ఆ తెర మీద ముఖం ప్రపంచమంతా చూసింది. 1967లో డార్విన్‌లో క్షయతో, కాలిన గాయాలతో, పేదవాడిగా పోయాడు. మన దగ్గర ఇలాంటి కథలు లేవా అంటే సినిమావాళ్లవే డజను చెప్పొచ్చు, కానీ టుడావలి రోజుల్లో నార్తర్న్ టెరిటరీ ఆదివాసీల్లో అత్యధికుల జీతం, పెళ్లి, ప్రయాణం ప్రభుత్వం గుప్పిట్లో ఉండేవి. పేదరికం ఒక్కటే, కారణాలు ఒక్కటి కావు.

ఇంకో లెక్క. 2020–22 గణాంకాల ప్రకారం ఆదివాసీ మగవాళ్ల సగటు ఆయుర్దాయం 71.9 ఏళ్లు, మిగతా మగవాళ్లకంటే 8.8 ఏళ్లు తక్కువ. దీన్ని ఆరోగ్యం లెక్కగా చూస్తాం. చందాల వైపు నుంచి చూస్తే అదే పెళ్లిళ్లకంటే చావులు ఎక్కువ వచ్చే చుట్టరికం. ఆంటీ మేనకోడలు ఆ ఏడాదిలో అది నాలుగో అంత్యక్రియలని రాసింది. మామూలు దహనానికి నాలుగు వేల డాలర్ల నుంచి కాస్త పెద్దగా మట్టి చేస్తే పదిహేను వేల దాకా అవుతుందని ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైటే చెబుతుంది. నాలుగుసార్లు ఎవరి దగ్గరుంటుంది?

ప్రభుత్వం అసలు ఇవ్వదా? ఇస్తుంది, కొన్నిచోట్ల, కొంత. నార్తర్న్ టెరిటరీలో ఆదివాసీ భూముల వ్యవహారాలు చూసే ల్యాండ్ కౌన్సిళ్లు కూడా సాయం చేస్తాయి. కానీ ఫారాల్లో పెట్టె, గొయ్యి, వ్యాను అని గడులుంటాయి. మేనమామ వరసకి గడి ఉండదు.

లెక్క అడగడం

ఇక్కడ నాకే నమ్మకం సడలే చోటు ఒకటుంది, దాచను. చందాల్లో మోసం ఉంది. ఫేస్‌బుక్‌లో చావు కబురు కనపడగానే దొంగ లైవ్ లింకులు పెట్టి కార్డు నెంబర్లు లాగేవాళ్లు ఇక్కడ తామరతంపరగా ఉన్నారు. మన కుర్రాళ్ల పేరున కూడా రెండు మూడు దొంగ పేజీలు చూశాం. కళ్లు మూసుకుని పంపండి అంటే నేనే పంపను.

అయితే 'ఎవరు వసూలు చేస్తున్నారు' అని అడగడం వేరు, 'దేనికి ఖర్చు పెడతారు' అని అడగడం వేరు. మొదటిది జాగ్రత్త. నేను బడికి ఫోన్ చేసి, మేనకోడలే పేజీ పెట్టిందని రూఢి చేసుకున్నాకే పంచాను. రెండోది పెత్తనం. మనిషి చావులో ఏది అవసరం, ఏది దుబారా అని యాభై డాలర్లిచ్చి తీర్పు చెప్పే హక్కు కొనుక్కోవడం.

దీర్ఘమైన అంత్యక్రియలు కుటుంబాల్ని పిండేస్తున్నాయన్న మాట ఆదివాసీల్లోనే వినపడుతుంది, నిజమే. కాస్త తగ్గించుకుందాం అనే పెద్దలూ ఉన్నారు. ఆ మాట వాళ్లు వాళ్లలో అనుకోవాలి. వాళ్ల నేల మీద ఇల్లు కట్టుకున్న నేను అనడానికి నోరు రాదు.

నాన్న పోయినప్పుడు మా ఊళ్లో పెద్దకర్మకి మూడొందల ఎనభై విస్తళ్లు లేచాయి. నేను రెండు విమానాలు మారి వెళ్లాను. నా టికెట్టు మా కంపెనీ సహోద్యోగులు, ఎక్కువగా తెల్లవాళ్లు, తలా కాస్త వేసి కొనిచ్చారు, ఆ నెల నా దగ్గర నిజంగానే లేవు. పదకొండో రోజు దాకా ఉండాలి అంటే మా మేనేజరు 'పదకొండెందుకు, మూడు చాలవా' అనలేదు. అప్పుడు నేను పెద్దకొడుకుని, నేను లేకపోతే జరగదు అని చెప్పాను. ఆవిడకి కొడుకు వరస ప్రాముఖ్యం ఏం తెలుసు? తెలియకుండానే సరే అంది. సారీ బిజినెస్ అని ఇక్కడి ఆదివాసీలు పిలుచుకునే ఆ చావు రోజుల్ని అర్థం చేసుకోడానికి నాకు ఇంతకంటే పెద్ద చదువు అక్కర్లేకపోయింది. గుర్తు రావడానికి మాత్రం వారం పట్టింది.

గ్రూపులో ఈ సంగతే రాశాను. బెంచీ తర్వాత వేసుకుందాం, ముందు బస్సు అన్నాను. కొంతమంది పంపారు. బెంచీ ఆయన కూడా పంపాడు, ఐదొందలు కాదు, నూటయాభై. 'బస్సు ఎందుకు' అన్న కుర్రాడు ఏమీ అనలేదు. నేను మిగతా యాభై పంపి, నాలుగు రోజుల తర్వాత ఇంకో రెండొందల యాభై వేశాను. బడివాళ్లు ఆవిడకిచ్చిన అంకె అదే అన్న సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు.

శుక్రవారం

అంత్యక్రియలకి అందరూ రావచ్చని పేజీలో రాశారు. మా అమ్మాయి వస్తానంది. మూడు గంటల డ్రైవ్. మర్రే నదికి దగ్గర్లో చిన్న ఊరు, ఫుట్‌బాల్ గ్రౌండు పక్క హాలు. పదకొండింటికి మొదలన్నారు. మేము పదిన్నరకే చేరాం. పులిహోర టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఒక పెద్దాయన వచ్చి తీసుకెళ్లి, శాండ్‌విచ్‌ల పక్కన పెట్టి, మూత తీసి వాసన చూసి తలూపాడు.

పదకొండయింది. హాలు తలుపులు తెరవలేదు. బయట యూకలిప్టస్ ఆకుల మంట పొగ ఎగుస్తోంది, మధ్యమధ్య ఒకావిడ పచ్చి కొమ్మలు వేస్తోంది. పదకొండున్నరకి తెలిసింది, బస్సు దారిలో ఎక్కడో ఆగిపోయిందట. నేను అలవాటుగా వాచీ చూసుకున్నాను. నా చుట్టూ ఎవరూ చూసుకోలేదు. ఫ్యూనరల్ డైరెక్టరు సూటు విప్పి చేతికేసుకుని, కుర్రాళ్లతో పాటు బంతి తన్నడం మొదలెట్టాడు. ముగ్గురు గిటార్లు శ్రుతి చేసుకుంటున్నారు, పాడట్లేదు. టీ రెండోసారి పెట్టారు.

ఒంటిగంటకి పది నిమిషాల ముందు బస్సు వచ్చింది. తెల్ల బస్సు, ముందు అద్దం మీద ఎర్రదుమ్ము. మేనకోడలు మెట్టు దగ్గర నిలబడి దిగేవాళ్లని ఒక్కొక్కరినీ పట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. పిల్లలు, పసిబిడ్డతో ఒక అమ్మాయి, బూట్లు చేత్తో పట్టుకున్న కుర్రాడు. అందరికంటే ఆఖర్న వాకర్ దింపారు, దాని వెనక ఒక ముసలాయన. ఆంటీ తమ్ముడు. చిన్నప్పుడు ఇద్దర్నీ చెరో హోమ్‌లో పెట్టారని, ఆయన దొరికేసరికి ఆవిడకి నలభై ఏళ్లని పక్కనున్నావిడ మా అమ్మాయికి చెబుతోంది. ఆయన మెట్టు దిగి, వాకర్ సర్దుకుని, హాలు వైపు చూశాడు.

అప్పుడు తలుపులు తెరిచారు.